బీటీ పత్తిలో ఓడింది జన్యువేనా? ఫ్లోరోసిస్ ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు కొన్ని మాటలు

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. మునుగోడు దగ్గర మీ నాన్నగారి పత్తి చేను గులాబీ పురుగు పాలైంది. దాన్ని చూపించి మీ సీనియర్లు "బీటీ జన్యువు ఫెయిలైంది, జీవిని జన్యువులుగా విడదీసి చూసే శాస్త్రం పని అయిపోయింది, ఇక మిగిలింది సిస్టమ్స్ బయాలజీయే" (జీవిని మొత్తంగా, భాగాల మధ్య సంబంధాలతో సహా చూసే శాస్త్రం) అంటున్నారు. ఇంకోపక్క మీ ఎం.ఎస్సీ. ప్రాజెక్టు కోసం, ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) వచ్చినవాళ్లలో కొల్లాజెన్ అనే ఎముక పోగుల ప్రోటీన్‌కు చెందిన ఒక జన్యువులోని తేడాను చూడమని సలహా ఇచ్చారు. ఏ దారి పట్టాలో తేలక అడిగారు.

నేను దక్షిణ తెలంగాణలో చాలా ఏళ్లు పత్తి, ఆముదం పంటల మీద పనిచేసి, తర్వాత జన్యుశాస్త్రం పాఠాలు చెప్పాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పత్తిలో ఆ జన్యువు ఓడిపోలేదు. తనను అడిగిన ప్రశ్నకు అది సరిగ్గానే జవాబు చెప్పింది. అడిగిన ప్రశ్నే చిన్నది. విడదీసేటప్పుడు పక్కన పెట్టినవాటిని మళ్లీ తెచ్చి కలిపి చూడాల్సిన పని ఉంటుంది. ఆ పని తమదని ఎవరూ అనుకోలేదు. మీ నాన్నగారి చేను దగ్గర జరిగింది ఇదే.

కాస్త వివరంగా చూద్దాం. బీటీ అనేది మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా. దాని నుంచి తీసిన క్రై1ఏసీ జన్యువు పత్తి మొక్కలో ఒక ప్రోటీన్ తయారు చేయిస్తుంది. పురుగు ఆకునో కాయనో తింటే ఆ ప్రోటీన్ దాని పేగు గోడ మీది కాడ్‌హెరిన్ లాంటి అణువులకు అతుక్కుని పేగుకు చిల్లులు పొడుస్తుంది. మన దేశంలో 2002లో దీనికి అనుమతి వచ్చింది. 2006లో క్రై2ఏబీ అనే రెండో జన్యువును కూడా కలిపి బీజీ-2 తెచ్చారు. ల్యాబులో వేసిన ప్రశ్న ఒక్కటే: ఈ మొక్కను తిన్న పురుగు చస్తుందా? చచ్చింది. పచ్చ పురుగుకు డబ్బాల కొద్దీ మందు కొట్టిన రోజులు గుర్తున్న రైతు ఎవరూ ఈ మాట కాదనరు. ఆ మేరకు విడదీసి చూసే పద్ధతి మాట నిలబెట్టుకుంది.

2010లో గుజరాత్‌లోని నాలుగు జిల్లాల్లో గులాబీ పురుగు క్రై1ఏసీని తట్టుకుంటోందని ప్రకటించారు. 2014-15 కల్లా అక్కడే బీజీ-2 పైనా కాయల్లో పురుగు బతికింది. ఆ తర్వాత మన దగ్గరా గుడ్డిపూలు, సగమే విచ్చుకున్న కాయలు, రంగు మారిన గుడ్డిపత్తి మామూలైపోయాయి. మరి అదే చేనులో పచ్చ పురుగు ఆ స్థాయిలో తిరగబడలేదు. రెండింటికీ ఎదురైంది ఒకే మొక్క, అవే జన్యువులు. తేడా ఎక్కడుందో చూడాలంటే మొక్క బయటికి రావాలి. పచ్చ పురుగు కంది తింటుంది, శనగ తింటుంది, టమాటా, మిర్చి తింటుంది. బీటీ రుచి చూడని పచ్చ పురుగులు పక్క చేలల్లో ఎప్పుడూ పుడుతూనే ఉంటాయి. గులాబీ పురుగుకు దాదాపుగా పత్తే లోకం. ఊరంతా బీటీ పత్తి వేస్తే దానికి బీటీ లేని చోటు ఇంచు కూడా మిగలదు.

అందుకే నాన్ బీటీ ప్యాకెట్ పెట్టారు. 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు వచ్చిన 120 గ్రాముల చిన్న ప్యాకెట్ మీ ఇంట్లోనూ చూసే ఉంటారు. దాని వెనక ఉన్నది శుద్ధమైన మెండెల్ లెక్క. తట్టుకునే గుణం అంతర్గతమైనది, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చే జన్యువు ప్రతులు రెండూ ఆ గుణానివే అయితేనే పురుగు బతుకుతుంది. బీటీ మొక్క మీద బతికిన ఒకటీ అరా పురుగు, నాన్ బీటీ వరుసల్లో పెరిగిన మామూలు పురుగుతో జత కడితే పిల్లలకు ఒక్క ప్రతే వస్తుంది, అవి బీటీ తిని చస్తాయి. లెక్కలో లోపం లేదు. కానీ మూడెకరాలు కౌలుకు పట్టిన రైతు అందులో ఐదో వంతు పురుగుకు వదిలిపెడతాడా? వదలడు, వదలకపోవడంలో తప్పూ లేదు. ఊరందరికీ మేలు చేసే పనికి నష్టం మాత్రం ఒక్కొక్కరూ విడివిడిగా భరించాలన్న పథకం అది. ఈ విషయంలో రైతును తప్పుపట్టేవాళ్లతో నేనెప్పుడూ ఏకీభవించలేదు.

ఇంకో విషయం ఉంది, జన్యుశాస్త్రం చదివేవాళ్లుగా మీరు తప్పకుండా పట్టుకోవాల్సింది. అమెరికా, ఆస్ట్రేలియా లాంటి చోట్ల బీటీని సూటి రకాల్లో, అంటే హైబ్రిడ్లు కాని రకాల్లో పెట్టారు. కాయలోని ప్రతి గింజలోనూ జన్యువు ఉంటుంది. మన దగ్గర హైబ్రిడ్లలో పెట్టారు. హైబ్రిడ్‌కు జన్యువు ఒక తల్లిదండ్రి నుంచి మాత్రమే వస్తుంది. మొక్క మొత్తం బీటీయే, ఆకు బీటీయే, కానీ ఆ మొక్క కాసిన కాయలోని గింజలు తర్వాతి తరానివి, వాటిలో జన్యువు చీలిపోతుంది, అంటే కొన్ని గింజలకు వస్తుంది, కొన్నిటికి రాదు. ఒకే జన్యువున్న హైబ్రిడ్‌లో నాలుగో వంతు గింజల్లో విషం ఉండదు. బీజీ-2లో అయితే మీరు ఇంటర్‌లో వేసిన 9:3:3:1 లెక్కే: 16 గింజల్లో తొమ్మిదింటిలో రెండు విషాలు, ఆరింటిలో ఒక్కటే, ఒక దానిలో ఏదీ లేదు. గులాబీ పురుగు తినేది ఆకు కాదు, గింజ. ఒకే కాయలో ఒక గింజ నుంచి ఇంకో గింజకు పోతూ అరకొర మోతాదు తింటుంది. ఒక్క ప్రతి ఉన్న పురుగు కచ్చితంగా చావాలన్న షరతు ఇక్కడ సడలిపోతుంది. నిరోధకత త్వరగా రావడానికి ఇదీ ఒక కారణమని పత్తి శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. ఆకును నూరి పరీక్షించేవాళ్లకు ఇది కనపడదు. పురుగు ఎక్కడ, ఎప్పుడు, ఏ భాగం తింటుందో చూసేవాళ్లకు కనపడుతుంది.

పంట కాలం సంగతి మీకు తెలిసిందే. బోరులో నీళ్లుంటే ఇంకో రెండు ఏరుళ్లు వస్తాయన్న ఆశతో ఫిబ్రవరి దాటినా మోళ్లు పీకరు. పురుగుకు మరో రెండు తరాలు దొరుకుతాయి. మిల్లుల దగ్గర కుప్పపోసిన పత్తి గింజల్లో లార్వా నిద్రావస్థలో పడుకుని వానాకాలం దాకా ఆగుతుంది.

ఇప్పుడు అమెరికా చూడండి. అదే పురుగు, అదే రకం జన్యువు. అరిజోనాలో రైతులు నాన్ బీటీ భాగాన్ని దాదాపు పదేళ్లు నియమంగా వేశారు. 2006 నుంచి గొడ్డు చేసిన రెక్కల పురుగులను విమానాల మీంచి వదిలారు. 2018లో ఆ దేశంలో గులాబీ పురుగు నిర్మూలన అయిందని ప్రకటించారు. చైనాలో ఇంకో చిత్రం జరిగింది. యాంగ్జీ లోయలో రైతులు హైబ్రిడ్ రెండో తరం గింజలు కొని వేశారు. దానితో నాలుగో వంతు మొక్కలు వాటంతటవే నాన్ బీటీ అయ్యాయి, పురుగులో మొలకెత్తుతున్న నిరోధకత వెనక్కి తగ్గింది. 2017లో ఈ పరిశోధన అచ్చయింది. జన్యువు చీలిపోవడం అనే ఒకే సంగతి, గింజ స్థాయిలో చేటు, మొక్క స్థాయిలో మేలు. ఇంతకంటే మంచి పాఠం నాకు ఎక్కడా దొరకలేదు.

సరే, అయితే మీ సీనియర్లు గెలిచినట్టేనా? కాదు. పైన చెప్పిన కథలో ఒక్కో అడుగూ మళ్లీ విడదీసి చూడటం వల్లే తెలిసింది. పురుగు క్రై1ఏసీని తట్టుకోవడానికి కాడ్‌హెరిన్ జన్యువులో మార్పులు కారణమని, క్రై2ఏబీని తట్టుకోవడానికి ఏబీసీఏ2 అనే రవాణా ప్రోటీన్ జన్యువు చెడిపోవడం కారణమని తేల్చింది ఒక్కో జన్యువును పట్టుకుని పనిచేసినవాళ్లే. తట్టుకునే గుణం అంతర్గతమని తెలియకపోతే నాన్ బీటీ వరుసల ఆలోచనే పుట్టేది కాదు. "అన్నీ అన్నిటితో ముడిపడి ఉన్నాయి" అన్న మాట నిజమే, కానీ దానితో ఏ పనీ జరగదు. ఏది దేనితో, ఎంత గట్టిగా, ఏ దశలో ముడిపడిందో చెప్పాలి. ఏ కొలత వేస్తే ఆ ముడి లేదని తేలుతుందో కూడా చెప్పాలి. అది చెప్పకుండా సంపూర్ణ దృష్టి అన్న పేరుతో ఊళ్లల్లో టానిక్కులు అమ్మేవాళ్లను మీరూ చూసే ఉంటారు. నాకు ఆ మాట మీద కోపం రావడానికి కారణం అదే, ఎందుకంటే నష్టపోయేది రైతు.

ఈ వాదన పాతది. 1959లో ఎర్నస్ట్ మయర్ అనే పరిణామ శాస్త్రవేత్త, జనాభా జన్యుశాస్త్రం జీవిని సంచిలో పోసిన గింజల్లా లెక్కపెడుతోందని, జన్యువుల మధ్య పరస్పర చర్యలను వదిలేస్తోందని విమర్శించాడు. 1964లో దానికి జవాబు రాసిన బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ అప్పటికి భారత పౌరసత్వం తీసుకుని భువనేశ్వర్‌లో ఉంటున్నాడు. గింజల లెక్క సులభమైన మొదటి అడుగని, అది లేకుండా పరస్పర చర్యల గురించి మాట్లాడితే మాటలే మిగులుతాయని ఆయన వాదన సారాంశం. హాల్డేన్ దగ్గర చదువుకున్న ద్రోణంరాజు కృష్ణారావు మన తెలుగువాడే. ఆంధ్రలో మేనరికాల మీద, చెవి వెంట్రుకల వారసత్వం మీద ఆయన చేసిన పని వెతికి చదవండి. ఊళ్లల్లో తిరిగి వంశవృక్షాలు గీయడం ఎలాగో దాని వల్ల తెలుస్తుంది. మీ ప్రాజెక్టుకూ అది పనికొస్తుంది.

మనుషుల జబ్బుల్లో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) కథ నాకు చాలా ఇష్టం. 1949లో లైనస్ పాలింగ్ బృందం ఈ రోగుల హిమోగ్లోబిన్ వేరుగా ఉందని చూపింది. 1957లో వెర్నన్ ఇంగ్రామ్ ఆ తేడాను ఒక్క అమైనో ఆమ్లానికి కుదించాడు. బీటా గొలుసు ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ ఉంది. విడదీసి చూసే పద్ధతికి ఇది శిఖరం. అయినా ఆ ఒకే దోషమున్న ఇద్దరు పిల్లల్లో ఒకరు నెలనెలా ఆసుపత్రిలో ఉంటారు, ఇంకొకరు పెద్ద ఇబ్బంది లేకుండా పెరుగుతారు. ఎందుకు? దీనికి తీగ ముందే దొరికింది. 1948లో జానెట్ వాట్సన్ అనే పిల్లల డాక్టరు, ఈ జబ్బుతో పుట్టిన బిడ్డలు మొదటి కొన్ని నెలలు ఎందుకు బాగుంటారని అడిగింది. తల్లి కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ ఇంకా రక్తంలో ఉండటమే దానికి కారణం. రోగిని మొత్తంగా, వయసుతో సహా చూసినందువల్ల వచ్చిన ప్రశ్న అది. ఆ హిమోగ్లోబిన్‌ను ఆపేసే బ్రేకు బీసీఎల్11ఏ అనే జన్యువని తేలడానికి 2008 దాకా పట్టింది. 2023 చివర్లో బ్రిటన్, అమెరికాలు అనుమతించిన క్రిస్పర్ (డీఎన్ఏను కోరినచోట కోసి మార్చే పద్ధతి) చికిత్స రక్తకణాల్లో ఆ బ్రేకును వదులు చేస్తుంది. హిమోగ్లోబిన్ జన్యువులో చెడిన అక్షరం చెడినట్టే ఉంటుంది, దాన్ని ముట్టుకోరు. మొత్తాన్ని చూసి ప్రశ్న, విడదీసి జవాబు, మళ్లీ మొత్తంలో పెట్టి చికిత్స. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ పిల్లలకు ఈ మందు రాదు.

సిస్టమ్స్ బయాలజీ వాళ్లలో మంచివాళ్ల పని చూసినా ఇదే. 1960లో డెనిస్ నోబుల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త గుండె కణం లయను గణిత సమీకరణాల్లో పట్టుకున్నాడు. ఆ లయ ఏ ఒక్క అయాన్ ద్వారంలోనూ (కణం పొరలో విద్యుదావేశమున్న కణాలు పోయే దారి) లేదు, ద్వారాలూ వోల్టేజీ ఒకదాన్నొకటి మార్చుకోవడంలో పుడుతుంది. కానీ ఆ మోడల్‌కు పునాది 1952లో హాజ్‌కిన్, హక్స్‌లీ నాడి మీద ఒక్కో విద్యుత్ ప్రవాహాన్ని విడదీసి కొలిచిన పద్ధతే.

ఇక మీ ప్రాజెక్టు. ఇక్కడ నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఎందుకంటే నల్లగొండ బిడ్డలు ఈ పని చేస్తే దానికి వేరే విలువ ఉంటుంది.

ఫ్లోరోసిస్‌కు కారణం నీళ్లల్లోని ఫ్లోరైడ్. దీన్ని ఒక్క మూలకానికి కుదించడం వల్లే పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి నీళ్లు శుద్ధి చేసే నల్లగొండ పద్ధతి పుట్టింది, నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) దాన్ని తయారు చేస్తే ఆఫ్రికా ఊళ్ల దాకా వెళ్లింది. లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా అన్న ప్రమాణమూ అలాగే వచ్చింది. ఇందులో వాదించడానికేం లేదు. కానీ ఒక సంగతి గమనించండి. పంజాబ్‌లో ఫ్లోరోసిస్ అంటే ప్రధానంగా ఎముక గట్టిపడి, వెన్ను కర్రలా బిగుసుకుపోయిన పెద్దవాళ్లు. నల్లగొండలో 1970ల మొదట్లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు చూసింది వేరు: మోకాళ్లు లోపలికి వంగిపోయిన ఎదిగే వయసు పిల్లలు, వాళ్లలోనూ మగపిల్లలు ఎక్కువ, ఎముకలు కొన్నిచోట్ల గట్టిగా, కొన్నిచోట్ల గుల్లగా. ఫ్లోరైడ్ ఒక్కటే అయితే రెండు చోట్లా ఒకే రూపం రావాలి కదా.

వాళ్లు ఒక గొలుసు ప్రతిపాదించారు. నాగార్జునసాగర్ కట్టాక కొన్ని ఊళ్లల్లో భూగర్భ జలం పైకొచ్చింది, మట్టి గుణం మారింది, జొన్నలో మాలిబ్డినం పెరిగింది, అది తిన్నవాళ్ల ఒంట్లోంచి రాగి ఎక్కువగా పోయింది. రాగి లేకపోతే ఎముకలోని కొల్లాజెన్ పోగులను కలిపే ఎంజైము సరిగా పనిచేయదు. దీనికి తోడు భోజనంలో కాల్షియం తక్కువ. డ్యాము నుంచి మోకాలి దాకా వచ్చిన గొలుసు అది. అందులోని లంకెలన్నీ ఒకే బలంతో లేవు. నా లెక్కలో కాల్షియం లంకె అన్నిటికంటే గట్టిది, డ్యాము లంకె అన్నిటికంటే బలహీనమైనది. అయినా ఈ పనిని నేను గౌరవిస్తాను. ఎందుకంటే ప్రతి లంకెనూ విడిగా కొలిచి తప్పో ఒప్పో తేల్చవచ్చు. మొత్తంగా చూడటమంటే నా దృష్టిలో ఇదీ.

ఇప్పుడు మీ కొల్లాజెన్ జన్యువు. చైనాలో పిల్లల పళ్ల ఫ్లోరోసిస్‌కూ సీఓఎల్1ఏ2 అనే కొల్లాజెన్ జన్యువులోని ఒక తేడాకూ సంబంధం ఉందని ఒక పరిశోధన చెప్పింది, మీ సలహా అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. ఆ ఒక్క తేడాను కొద్దిమంది రోగుల్లో, కొద్దిమంది మామూలువాళ్లలో చూసి వచ్చే ఫలితం ఎటు వచ్చినా నమ్మలేం. మనిషి ఎత్తు లాంటి తేలిగ్గా కొలవగలిగే గుణానికే 2022లో 54 లక్షల మందిని చూసి 12,111 డీఎన్ఏ తేడాలు పట్టారు. అవన్నీ కలిపితే యూరప్ సంతతి వాళ్లలో ఎత్తు తేడాల్లో 40 శాతం వరకు వివరించాయి, మిగతా జనాల్లో ఇంకా తక్కువ. ఒక్క తేడా, ఒక్క ఊరు, ఒక్క సెమిస్టర్ అంటే ఊహించుకోండి.

దీనికంటే ముఖ్యమైన చిక్కు ఇంకోటి ఉంది. మన ఊళ్లల్లో ఒక ఇంట్లో ముగ్గురికి కాళ్లు వంగితే వంశపారంపర్యం అనేస్తారు. ఆ ముగ్గురూ జన్యువులనే కాదు, ఒకే బోరును, ఒకే వంటింటిని కూడా పంచుకున్నారు. ఈ రెండింటినీ విడదీయకుండా రక్తం నమూనా తీయడంలో అర్థం లేదు. విడదీసే దారి మన పెళ్లిళ్లలోనే ఉంది. మర్రిగూడలో పుట్టి పెరిగిన అన్న, అదే ఇంట్లో పుట్టి చిన్న వయసులోనే ఫ్లోరైడ్ తక్కువున్న ఊరికి కోడలిగా వెళ్లిన చెల్లెలు, ఇద్దరికీ బాల్యపు నీళ్లు ఒకటి, తర్వాతి నీళ్లు వేరు. మేనమామ కూతురు ఇంకో ఊళ్లో పెరిగి ఈ ఇంటికి కోడలిగా వస్తే ఆమెకు రక్తసంబంధం ఉంది, బాల్యపు నీళ్లు వేరు. బంధుత్వం లేని ఇంటి నుంచి వచ్చిన తోటికోడలు పక్కనే ఉంటుంది. జన్యువు, చిన్నప్పటి నీళ్లు, ఇప్పటి నీళ్లు అనే మూడింటినీ ఈ బంధుత్వాలు మీ కోసం విడగొట్టి పెట్టాయి. వేరే దేశాల పరిశోధకులకు ఇంత తేలిగ్గా దొరకని సౌకర్యం ఇది.

ఇక కొలతలు. ఇప్పుడు చాలా ఊళ్లల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి కాబట్టి నేటి నల్లా నీళ్లు పరీక్షించి నలభై ఏళ్ల మనిషి ఎముక గురించి మాట్లాడలేరు. పళ్లు చూడండి. జ్ఞానదంతాలు తప్ప శాశ్వత దంతాల పింగాణీ ఎనిమిదేళ్ల లోపే తయారవుతుంది, అందువల్ల పంటి మీది మచ్చలు బాల్యంలో తాగిన నీళ్లకు దాచిపెట్టిన రికార్డు. ప్రస్తుతం ఒంట్లోకి ఎంత పోతోందో మూత్రంలోని ఫ్లోరైడ్ చెబుతుంది. మూత్రపిండాల పనితీరు తప్పకుండా చూడాలి, ఎందుకంటే కిడ్నీ బలహీనమైతే అదే నీళ్లకు ఎముకలో ఎక్కువ ఫ్లోరైడ్ చేరుతుంది. భోజనంలో పాలు, మజ్జిగ, రాగులు ఎంత, జొన్న రొట్టె నుంచి రేషన్ బియ్యానికి ఎప్పుడు మారారు, రోజుకు ఎన్ని చాయ్‌లు తాగుతారు అన్నవి అడగండి. తేయాకులో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది, చాలామంది దాన్ని లెక్కలోకే తీసుకోరు. అడ్డా కూలీకి, బొంబాయికి వలస పోయిన ఏళ్లు వేరుగా రాసుకోండి, పాలమూరు పక్కనున్న మండలాల్లో అయితే ఇది ఇంకా ముఖ్యం.

జన్యువును వదిలేయమనడం లేదు. ఇవన్నీ కొలిచాక కూడా ఒకే నీళ్లు, ఒకే తిండి, మంచి కిడ్నీలు ఉన్న ఇద్దరిలో ఒకరి కాళ్లే వంగితే, అప్పుడు జన్యువు వైపు చూడటానికి గట్టి కారణం దొరికినట్టు. మొదటి దశ మీ ఎం.ఎస్సీ.కి సరిపోతుంది, రెండోది పీహెచ్‌డీకి దాచుకోండి.

వెంటనే చేయాల్సిన పనులు చెబుతాను. గ్రామీణ నీటి సరఫరా వాళ్ల దగ్గర పాత బోర్ల పరీక్షల రిపోర్టులు ఏ ఊళ్లకు దొరుకుతాయో ముందు కనుక్కోండి, ఊరిని ఆ తర్వాతే ఎంచుకోండి. నైతిక కమిటీ అనుమతికి నెలలు పడుతుంది, దాన్ని ఈ వారమే మొదలుపెట్టండి. ప్రశ్నావళి మన మాటల్లోనే రాయండి. పెళ్లి ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఎన్నో ఏట అన్న ప్రశ్న మొదటి పేజీలోనే ఉండాలి. రాశాక పంపితే చదివి చెబుతాను.